చుక్క చుక్కకీ చిట్టా!

ఆకాశం ఎంత ఇస్తుందో తెలియదు. భూమి ఎంత దాచుకుందో కనిపించదు. అయినా విత్తనం వేయాల్సిందే, మోటారు నడపాల్సిందే. అనంతపురం రైతు తరతరాలుగా ఆడుతున్న జూదం ఇది. అలాంటి చోట కొన్ని ఊళ్ల రైతులు ఓ చిన్న పని మొదలుపెట్టారు. వానను కొలిచారు. బోరులో నీళ్లను కొలిచారు. ఆ అంకెల్ని పుస్తకంలో రాసుకుని, గోడ మీద పెట్టి, వాటిని చూసి పంట వేయడం నేర్చుకున్నారు. లెక్కలంటే ఆఫీసుల్లో పని అనుకునేవాళ్లకి, ఆఫీసుల్లోనే కూర్చుని రోజంతా అంకెలతో కుస్తీ పట్టేవాళ్లకి కూడా... వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది చాలానే ఉంది.

ఉదయం ఎనిమిదిన్నర. రాత్రి కాస్త వాన పడింది. ఊళ్లో అందరూ చెట్టు కింద చేరి మాట్లాడుకునేది ఒకటే. ‘మంచి వానే పడింది’ అని ఒకరు. ‘ఏం వాన, దుమ్ము కూడా అణగలేదు’ అని ఇంకొకరు. ‘మా చేలో పదునయింది’ అని మరొకరు. ముగ్గురూ నిజమే చెబుతుండొచ్చు. ముగ్గురి మాటా పట్టుకుని విత్తనం వేస్తే మాత్రం కొంప మునగొచ్చు.

అదే సమయంలో ఒక రైతు వర్షమాపకం దగ్గరికి వెళ్లి, అందులో చేరిన నీటిని కొలగొట్టంలో పోసి, కంటికి సమానంగా పట్టుకుని చూసేవాడు. పన్నెండు మిల్లీమీటర్లు. జేబులోంచి పెన్ను తీసి పుస్తకంలో రాసేవాడు. అంతే! చెట్టు కింది వాదన అక్కడితో తీరిపోయేది. ఆ పుస్తకంలోని అంకె ఎవరి అభిప్రాయమూ కాదు, ఊరందరి ఆస్తి.

ఇలాంటి పుస్తకాలు 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో, 600కు పైగా ఊళ్లలో నిండాయి. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ... ఆ ఏడూ ఇవే.

పాతాళంలో పందెం
అనంతపురానికి వాన రావడమే కష్టం. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసపడతాయి. ఏడాది మొత్తం మీద కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఒకసారి కుండపోత, ఇంకోసారి నెలన్నర ఎండ. మొత్తం సరిపోయినట్టే కనిపిస్తుంది, వేరుశనగ ఊడలు దిగే సమయానికి మాత్రం చుక్క ఉండదు.

చెరువులు ఎండాక రైతుకి దిక్కయింది బోరు. కొబ్బరికాయ అరచేతిలో నిలబడ్డ చోట, వేపపుల్ల వంగిన చోట పాయింటు పెట్టించడం... తమిళనాడు నుంచి రిగ్గు లారీ పిలిపించడం... దుమ్ము లేస్తుంటే దేవుడికి దండం పెట్టుకోవడం. నీళ్లు పడితే ఆ ఏడాది పండగ. పడకపోతే మరో బోరు. దాని కోసం మరో అప్పు. ఇంట్లో బంగారం కుదువకి వెళ్లేది చాలాసార్లు ఆ లారీ కోసమే.

ఇక్కడి నేల అడుగున ఉన్నది రాయి. ఇసుక నేలల్లోలా నీరు విస్తారంగా పరుచుకుని ఉండదు. రాతి పైన మెత్తబడిన పొరలో, రాళ్ల పగుళ్లలో కాస్త కాస్త దాక్కుంటుంది. పక్కవాడు లోతుగా వేస్తే మన బోరు ఎండిపోయేది అందుకే. ఒకే కుండలో పదిమంది గడ్డి పుల్లలు పెట్టి పీలుస్తున్నట్టు ఉంటుంది పరిస్థితి. ఎవరు ఎంత పీలుస్తున్నారో, కుండలో ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే ఎవరికి వారు తొందరపడతారు.

అసలు సమస్య నీళ్లు తక్కువగా ఉండటం ఒక్కటే కాదు, ఉన్న నీటి లెక్క తెలియకపోవడం కూడా!

రాతి మీద లెక్క
లెక్క రాసిపెట్టడం రాయలసీమకి కొత్తేమీ కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఒకటుంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువు అది. రోజుకి వెయ్యిమంది కూలీలు, రాయి మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని... ఇవన్నీ ఆ శాసనంలో ఉన్నాయి. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలేమిటో, ఉండకూడని ఆరు దోషాలేమిటో కూడా చెక్కించారు. తర్వాత వచ్చేవాళ్లు చూసి నేర్చుకోవాలనేగా!

చెరువు ఉన్న ప్రతి ఊళ్లో నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో అతని లెక్క. చెరువులో నీరు కంటికి కనిపిస్తుంది కాబట్టి ఆ లెక్కకి ఊరు కట్టుబడేది. బోరు వచ్చాక నీరు కంటికి కనిపించడం మానేసింది. నీరుగంటి పనీ పోయింది. ఎవరి స్టార్టరు వాళ్లదే!

కనిపించని నీటికి మళ్లీ లెక్క తేవడమే ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్య భూగర్భజల వ్యవస్థల పథకం ఉద్దేశం. అందరూ దాన్ని ‘ఏపీఫామ్స్’ అన్నారు. అంతకుముందు 1995 నుంచి నెదర్లాండ్స్ సాయంతో ‘ఏపీవెల్’ అనే పథకం నడిచింది. పేద రైతులకి ఉమ్మడి బోర్లు వేయించడం దాని పని. బోర్లు వేస్తూ పోతే సరిపోదు, వాటిలోని నీటిని కాపాడుకోవడం నేర్పాలని ఆ అనుభవం చెప్పింది. అలా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో కొత్త పథకం మొదలైంది. నంద్యాలకు చెందిన ‘బర్డ్స్’ స్వచ్ఛంద సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి దీన్ని ఊళ్లలోకి తీసుకెళ్లింది.

ఈ పథకంలో మూడు విశేషాలున్నాయి. రైతులకి డబ్బులివ్వలేదు. బోర్లు వేయొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. ఫలానా పంటే వేయాలని ఎవరూ చెప్పలేదు. ఇచ్చిందల్లా కొలిచే పరికరాలు, కొలవడంలో శిక్షణ. అంతే!

డ్రమ్ము, గడియారం, టేపు
ఇండొనేషియాలో 1989లో వరి పురుగుల మీద మొదలైన పొలంబడి మన రైతులకీ తెలిసిందే. అదే పద్ధతిలో ఇక్కడ నీళ్లబడి పెట్టారు. ఏడాది పొడవునా, పంట కాలాన్ని బట్టి పాఠాలు. నల్లబల్ల కన్నా పొలమే ఎక్కువ. చదువు రానివాళ్లకి బొమ్మలు, రంగులు. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి కూర్చుని నేర్చుకున్నారు.

కొలవాల్సినవి ప్రధానంగా మూడు.

ఒకటి, వాన. సుమారు అయిదు చదరపు కిలోమీటర్లకి ఒక వర్షమాపకం. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకే చూడాలి. వాతావరణ శాఖ చూసేదీ అప్పుడే. వాన పడని రోజు కూడా చూడాలి, ‘సున్నా’ అని రాయాలి. ఖాళీగా వదిలేస్తే ఆరోజు వాన పడలేదో, చూసేవాడు రాలేదో తర్వాత ఎవరికి తెలుస్తుంది?

రెండు, నీటిమట్టం. ప్రతి చదరపు కిలోమీటరుకీ ఒక పరిశీలన బావి. పదిహేను రోజులకోసారి బోరులోకి కొలటేపు దించుతారు. కొస నీటిని తాకగానే మీట ‘కీ’మంటుంది. ఎన్ని మీటర్ల దగ్గర మోగిందో అది నీటిమట్టం. మోటారు నడుస్తున్నప్పుడు కొలిస్తే లెక్క తప్పుతుంది. బోరు తేరుకున్నాకే చూడాలి.

మూడు, బోరు పోసే నీరు. దీనికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. ఒక డ్రమ్ము, ఒక స్టాప్‌వాచ్ చాలు. 200 లీటర్ల డ్రమ్ము వంద సెకన్లలో నిండిందనుకోండి. అంటే సెకనుకి రెండు లీటర్లు.

మొత్తం ఏడు జిల్లాల్లో సుమారు రెండు వేల పరిశీలన బావుల్లో రైతులు ఇలా కొలతలు తీశారు. ఇంజినీర్లూ కారు, పట్టభద్రులూ కారు. ‘చెప్పుల్లేని జలశాస్త్రవేత్తలు’ అనిపించుకున్నారు.

కొలతలన్నీ ఊళ్లో అందరూ చూసేచోట బోర్డు మీద రాసేవాళ్లు. ఈ పక్షం నీరు ఎంత దిగింది, పోయిన ఏడాది ఇదే సమయానికి ఎంత ఉంది... బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా చదువుకునేట్టు. పుస్తకంలో దాగిన అంకె ఒకరికే తెలుస్తుంది. గోడెక్కిన అంకె ఊరంతటినీ మాట్లాడిస్తుంది.

ఎకరా వరికి ఎంత నేల తడవాలి?
అంకెలు పోగేస్తే చాలదు, వాటితో లెక్క కట్టాలి. ఆ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. కాగితం, పెన్సిలు ఉంటే ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలు కూడా చేసేయొచ్చు.

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే ఒక అంగుళం వాన ఎకరా మీద పడితే దగ్గర దగ్గర లక్ష లీటర్లు!

మరి అనంతపురంలో పడే 550 మిల్లీమీటర్లలో భూమిలోకి ఇంకేదెంత? రాతినేలల్లో నూటికి 8 నుంచి 11 పాళ్లని భూగర్భజల అంచనాల్లో లెక్క కడతారు. మిగిలింది ఆవిరైపోతుంది, మొక్కలు తాగుతాయి, వంకల్లో పారిపోతుంది. పది పాళ్లనే అనుకుందాం. అంటే 55 మిల్లీమీటర్లు. ఎకరాకి సుమారు రెండు లక్షల ఇరవై వేల లీటర్లు. ఏడాది పొడవునా ఎకరా భూమి దాచిపెట్టే సొమ్ము అంతే.

ఇక ఖర్చు. బోరు కింద వరి వేస్తే ఎకరాకి 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే దాదాపు 48 లక్షల లీటర్లు. అంటే ఒక ఎకరా వరి తాగే నీటిని దాచిపెట్టాలంటే దాదాపు 22 ఎకరాల నేల ఏడాదంతా వానలో తడవాలి! వేరుశనగకి 500 మిల్లీమీటర్లు సరిపోతే 20 లక్షల లీటర్లు. దానికి తొమ్మిది ఎకరాలు తడిస్తే చాలు. మడిలో పెట్టిన నీరు కొంత తిరిగి భూమిలోకి ఇంకుతుంది, చెరువులూ కుంటలూ ఇంకొంత కలుపుతాయి. ఆ సర్దుబాట్లు చేసినా తేడా ఎంతో తెలుస్తూనే ఉంది.

ఇంకోవైపు నుంచి చూడండి. సెకనుకి రెండు లీటర్లు పోసే బోరు రోజుకి ఏడు గంటలు నడిస్తే యాభై వేల లీటర్లు. నాలుగు నెలలకి 60 లక్షలు. ఆ నీటితో వరి అయితే ఎకరా పాతిక సెంట్లు. వేరుశనగ అయితే మూడెకరాలు. బోరు అదే, కరెంటు అదే, అప్పు అదే. మారింది పంట ఒక్కటే!

‘వరి వద్దు, ఆరుతడి వేయండి’ అని అధికారులు ఎన్నేళ్ల నుంచో చెబుతూనే ఉన్నారు. ఎవరో చెప్పిన మాటకీ, తన డ్రమ్ముతో తాను కొలిచి, తన చేత్తో తాను గుణించిన అంకెకీ చాలా తేడా ఉంది. మొదటిది సలహా. రెండోది తనకే తెలిసిన నిజం.

రబీకి ముందు బడ్జెట్
కేంద్రానికి ఫిబ్రవరిలో బడ్జెట్ వస్తే ఈ ఊళ్లకి రబీ ముందు వచ్చేది. నైరుతి వానలు ముగిశాక ఒకే వాగు పరిధిలోని ఊళ్ల రైతులంతా ఒకచోట చేరేవాళ్లు. ఊరి సరిహద్దుని నీరు పట్టించుకోదు. అందుకే లెక్కంతా వాగు పరివాహకాన్ని బట్టే. అలాంటి విభాగాలు అరవైకి పైగా ఉండేవి.

ముంగారులో ఎంత వాన పడింది, భూమిలోకి ఎంత చేరింది, ఎంత తోడేశారు, ఎంత మిగిలింది... ఇది జమ. రబీలో ఎవరెవరు ఎన్ని ఎకరాల్లో ఏమేం వేయాలనుకుంటున్నారు, దానికి ఎంత నీరు కావాలి... ఇది ఖర్చు. రెండూ పక్కపక్కన పెడితే కొన్నిచోట్ల పెద్ద లోటు కనిపించేది. అందరూ అనుకున్నట్టే వేస్తే పంట మధ్యలో బోర్లు ఎండిపోతాయని అక్కడే తేలిపోయేది. ఇక ఎవరింటికి వాళ్లు వెళ్లి ఆలోచించుకునేవాళ్లు. మడి తగ్గించేవాళ్లు కొందరు. కూరగాయలకో, పొద్దుతిరుగుడుకో, పప్పుధాన్యాలకో మారేవాళ్లు కొందరు. డ్రిప్పు పెట్టించుకునేవాళ్లు ఇంకొందరు. ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకం కూడా 2003లోనే మొదలవడం కలిసొచ్చింది.

పంట అయ్యాక మళ్లీ కూర్చునేవాళ్లు. చెప్పిందెంత, వేసిందెంత అని సరిచూసుకునేవాళ్లు. బడ్జెట్ వేయడం తేలిక, ఏడాది చివర దాన్ని తిరగేసి చూసుకోవడమే కష్టం. అది ఇంటి ఖర్చుల పుస్తకం రాసే ఏ ఇల్లాలికైనా తెలుసు.

ఫలితమేమిటి? ప్రపంచ బ్యాంకు 2010లో దేశ భూగర్భజలాల మీద ఓ నివేదిక ఇచ్చింది. ఈ విభాగాల్లో 42 శాతం మూడేళ్లూ వరసగా రబీలో నీటి తోడకాన్ని తగ్గించుకున్నాయని అందులో ఉంది. మరో 51 శాతం కొన్నేళ్లు తగ్గించుకున్నాయి. తోడకం పెరిగినవి 7 శాతమే. పైనుంచి ఆంక్షల్లేకుండా రైతులు తమంత తామే నీటి వాడకాన్ని తగ్గించుకున్న అరుదైన ఉదాహరణగా అది ప్రపంచమంతా ప్రచారమైంది.

అయితే నాణేనికి రెండో వైపూ ఉంది. ఊళ్లలో అవగాహన పెరిగిన మాట నిజమే కానీ, వాడకంలో మార్పు చెప్పినంత ఉందా, ఉంటే అది ఈ పథకం వల్లేనా అని తర్వాత పరిశోధకులు ప్రశ్నించారు. మంచి వానలు పడిన ఏడాది, గిట్టుబాటు ధర ఉన్న ఏడాది పంటలు వాటంతట అవే మారిపోతాయి కదా! ఆ ప్రశ్న కూడా లెక్కలో భాగమే. కొలిచినవాడు తన కొలతని తానే అనుమానించాలి. పొగడ్త కోసం పోగుచేసిన అంకె ఎవరికీ నీళ్లివ్వదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. డబ్బూ, ప్రోత్సాహమూ ఉన్నన్నాళ్లు ఏ పుస్తకమైనా నిండుతుంది. పథకం వెళ్లిపోయాక రోజూ ఎనిమిదిన్నరకి వర్షమాపకం దగ్గరికి వెళ్లేదెవరన్నదే అసలు పరీక్ష. ఊరికి పనికొస్తుందని ఊరే నమ్మితే తప్ప ఏ లెక్కా పదికాలాలు నిలవదు. ఆలోచన మాత్రం ఆగలేదు. కేంద్రం 2019 డిసెంబరులో ఏడు రాష్ట్రాల కోసం ప్రారంభించిన అటల్ భూజల్ యోజనలోనూ ఊరే తన నీటి లెక్క వేసుకోవాలన్నదే ముఖ్య సూత్రమైంది.

పాత లెక్కకి కొత్త పని
ఒకచోట పేరుకున్న అంకెలు ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెంచుకుంటాయి. కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 2016లో అదే జరిగింది. తొలకరి పడగానే జూన్ మొదట్లోనే వేరుశనగ విత్తేయడం అక్కడ అలవాటు. ఆ ఏడాది ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి ముప్ఫై ఏళ్ల వాతావరణ లెక్కల్ని, ఆ ఏటి అంచనాల్ని కంప్యూటర్‌లో పెట్టి చూశాయి. తొందరపడకుండా జూన్ చివరి వారంలో విత్తమని 175 మంది రైతుల ఫోన్లకి తెలుగులో సందేశం పంపాయి. వాళ్ల దిగుబడి సగటున 30 శాతం ఎక్కువ వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి.

అంత పెద్ద కంప్యూటర్‌కీ తిండి ఏమిటి? ముప్ఫై ఏళ్లపాటు ఎవరో రోజూ పొద్దున్నే చూసి రాసిపెట్టిన వాన లెక్క! ఒక్కరోజు బద్ధకించి అంచనాగా రాసి ఉంటే ఆ తప్పు కూడా లోపలికి వెళ్లిపోయేదే.

చదివి వినిపిస్తేనే లెక్క
లెక్క నీటి దగ్గరే ఆగదు. కూలి దగ్గరా అంతే. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొట్టమొదట ప్రారంభించింది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కూలి వచ్చిందన్నది మస్టరులో ఉంటుంది. మస్టరు ఆఫీసు బీరువాలో ఉంటే అందులో ఏముందో కూలీకి తెలియదు. అందుకే సామాజిక తనిఖీ వచ్చింది. శిక్షణ పొందిన ఊరి యువకులు రికార్డులు తీసుకుని ఇంటింటికీ వెళ్లి అడగడం, గ్రామసభలో పేరు పేరునా చదివి వినిపించడం. ఊళ్లో లేని మనిషి పేరున కూలి పడితే అక్కడికక్కడే ఎవరో ఒకరు లేచి చెప్పేస్తారు. చదువు రాని అవ్వ కూడా ఆరోజు ఆడిటరే!

బోర్డు మీది నీటిమట్టమైనా, సభలో చదివిన మస్టరైనా చెప్పేది ఒక్కటే. లెక్క ఎవరి గురించో వాళ్ల కళ్ల ముందు పెడితే తప్పులు తక్కువవుతాయి.

ఆఫీసుకీ ఇవే పాఠాలు
బ్యాంకులో, ఆసుపత్రిలో, బడిలో, సాఫ్ట్‌వేర్ కంపెనీలో... ఇప్పుడు ఎక్కడ చూసినా ‘డేటా’ మాటే. దాని కోసం వేలు పోసి కోర్సులు చేస్తున్నారు. అవసరమే. కానీ వర్షమాపకం దగ్గర నిలబడ్డ రైతు నేర్చుకున్న పాఠాలు వస్తే ఆ కోర్సు సగం వచ్చేసినట్టే.

* ఏం నిర్ణయించుకోవాలో ముందు తేల్చుకోవాలి. ‘రబీలో ఏం వేయాలి?’ అన్న ప్రశ్న ఉంది కాబట్టే ఏం కొలవాలో తెలిసింది. ప్రశ్న లేకుండా పోగేసిన అంకెలు చెత్తకుప్పే.

* ఒకే వేళకి, ఒకే పద్ధతిలో కొలవాలి. ఈరోజు పొద్దున, రేపు సాయంత్రం కొలిస్తే రెండింటినీ పోల్చలేం.

* అక్కడికక్కడే రాయాలి. ఇంటికెళ్లి గుర్తు తెచ్చుకుని రాసింది కొలత కాదు, ఊహ.

* సున్నాకీ, ఖాళీకీ తేడా తెలియాలి. చూడలేదంటే చూడలేదనే రాయాలి. నింపేస్తే పై అధికారి మెచ్చుకోవచ్చు, పంట మాత్రం ఎండుతుంది.

* కొలమానం పక్కనే ఉండాలి. మిల్లీమీటర్లా, అంగుళాలా? ఎకరాలా, హెక్టార్లా? అది రాయని అంకె చిరునామా లేని ఉత్తరం.

* సగటుని చూసి మోసపోకూడదు. 550 మిల్లీమీటర్లు పడినా ఊడ దిగే వేళ పడకపోతే కాయ లేనట్టే. ఎంతన్నదే కాదు, ఎప్పుడన్నదీ చూడాలి.

* అందరికీ అర్థమయ్యేలా చూపించాలి. పెద్ద పట్టిక కన్నా గోడ మీది ఒక్క గీత ఎక్కువ చెబుతుంది.

* చివరగా, ఫలితం వచ్చాక వెనక్కి తిరిగి చూసుకోవాలి. అనుకున్నదెంత, అయ్యిందెంత?

పాత అనంతపురం జిల్లా 2022లో రెండయింది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది. మనుషులు గీసిన గీత కింద రాయి మాత్రం మారలేదు. దాని పగుళ్లలో దాగిన నీరూ మారలేదు. వాన ఎప్పుడొస్తుందో ఇప్పటికీ ఎవరి చేతిలోనూ లేదు. వచ్చిన వానని చూసి ‘ఇంత’ అని చెప్పగలగడం మాత్రం రైతు చేతిలోనే ఉంది.

కరవు సీమలో నీటిచుక్క తర్వాత అంత విలువైనది, ఆ చుక్క గురించి నిజాయితీగా రాసిన అంకె!